పాత 540 వెనక క్రాస్‌లో నాలుగో కప్పుకి గ్రీజు ఎక్కట్లేదు, ఏం చేయాలి?

పాడేరు_540
అందరికీ నమస్కారం. నాది మహీంద్రా ఎంఎం 540, 1994 మోడల్, ప్యూజో డీజిల్ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్. మా కాఫీ తోటకి వెళ్ళాలంటే ఒక గెడ్డ దాటాలి. వానాకాలంలో బండి కింద భాగం రోజూ తడుస్తూనే ఉంటుంది. కొన్నాళ్ళుగా నెమ్మదిగా పోతున్నప్పుడు కింద పిచ్చుక అరిచినట్టు కీచు కీచుమని చప్పుడు. స్పీడు అందుకుంటే వినపడదు. రివర్స్ వేసి క్లచ్ వదిలితే మాత్రం ఠంగుమని దెబ్బ.

ఇక్కడి మెకానిక్ "క్రాసులకి గ్రీజు కొట్టండి సార్, చాలు" అన్నాడు. గ్రీజు గన్ కొని వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక ఇరుసుకి శక్తి చేర్చే పొడుగు గొట్టం) మొదలుపెట్టాను. దాని రెండు కొసలా వంగే జాయింట్లలో కూడిక గుర్తు ఆకారపు క్రాస్ ఉంటుంది, దాని నాలుగు చేతుల చివర టోపీల్లాంటి కప్పులు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందూ వెనకా ఇరుసులకి శక్తి పంచే గేరు పెట్టె) వైపు క్రాస్ బాగానే తీసుకుంది. వెనక ఇరుసు మీది డిఫరెన్షియల్ వైపు క్రాస్‌లో మూడు కప్పుల అంచుల్లోంచి నల్లటి పాత గ్రీజు, తర్వాత కొత్తది వచ్చాయి. నాలుగో కప్పు దగ్గర ఏమీ రాలేదు. ఎంత కొట్టినా ఆ మూడింటిలోంచే పోతోంది.

దీన్ని ఇలాగే వదిలేయొచ్చా? షాఫ్ట్ మధ్యలో జారే జాయింట్‌కి కూడా ఒక నిప్పల్ (గన్ మూతి పట్టే చిన్న మొన) ఉంది, దానికి ఎంత కొట్టాలి? ముందు షాఫ్ట్ సంగతేంటి, నేను ఫోర్ వీల్ వేసేది ఎప్పుడో ఒకసారి.

కర్నూలు_టైగర్
మూడు కప్పులకి ఎక్కింది కదా బ్రదర్, నాలుగోదానికి కూడా లోపల ఎంతో కొంత పోయే ఉంటుంది. నడిపేయండి. జారే జాయింట్‌కి గన్ బిగుసుకునేదాకా కొట్టండి. లారీలకి మేం అట్లాగే కొడతాం.

ఆటోనగర్_బాబాయ్
టైగర్ తమ్ముడూ, రెండు మాటలూ ఒప్పుకోను. ముందు కప్పు సంగతి చూద్దాం.

క్రాస్ నడుమ ఒక్క నిప్పల్ ఉంటుంది. దాని నుంచి నాలుగు చేతుల్లోకీ సన్నటి రంధ్రాలు. గ్రీజు ఆ రంధ్రాల గుండా చేతి చివరికి పోయి, కప్పు అడుగున తిరిగి, సూది బేరింగుల మధ్య నుంచి వెనక్కి వచ్చి సీలు దగ్గర బయటపడాలి. గ్రీజు ఎప్పుడూ తేలికైన దారి వెతుక్కుంటుంది. మూడు సీళ్ళు లూజుగా ఉండి ఒకటి బిగుసుకుపోతే, మీరు డబ్బా అంతా ఖాళీ చేసినా ఆ మూడింటిలోంచే పోతుంది. నాలుగోది ఎండిపోయే ఉంటుంది. గన్ హ్యాండిల్ తేలిగ్గా కదిలింది కాబట్టి గ్రీజు ఎక్కిందనుకోవడం చాలామంది చేసేదే. నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు రంగు కంటితో చూడాలి. అప్పుడే ఆ క్రాస్‌కి గ్రీజు కొట్టినట్టు లెక్క.

ఇంకో సంగతి. ఇందులో సూదులు చక్రం బేరింగులో లాగా గుండ్రంగా తిరగవు. షాఫ్ట్ ఎంత వంపులో ఉంటే అంత మేర అటూ ఇటూ ఊగుతాయి, అంతే. అందుకే ఒక చోట గ్రీజు లేకపోతే పక్కనుంచి దానంతట అదే వచ్చి చేరదు. పొడిబారిన సూది ఒకే చోట రుద్దుకుంటూ చేతి మీద గాడి పెడుతుంది. మీ కీచు చప్పుడు దాదాపు ఖాయంగా అక్కడిదే.

చేయాల్సింది: చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, ఒకరు గన్ కొడుతూ ఉంటే ఇంకొకరు షాఫ్ట్‌ని ఆ కప్పుకి ఎదురు దిశలో గట్టిగా తోసి పట్టుకోండి. కప్పుకీ చేతికీ మధ్య కొద్దిగా సందు దొరికితే గ్రీజు అటు పోతుంది. రాలేదా, అడ్డు తీసి బండిని కొద్దిగా నెట్టి, షాఫ్ట్ అర చుట్టు తిరిగాక మళ్ళీ అడ్డు పెట్టి కొట్టండి. అప్పటికీ రాకపోతే, ఆ కప్పు డిఫరెన్షియల్ యోక్‌లో (కప్పుల్ని పట్టే రెండు కొమ్ముల ముక్కలో) యూ బోల్టుతో పట్టి ఉన్నదైతే నట్లు కొద్దిగా వదులు చేసి కొట్టండి, తర్వాత మళ్ళీ బిగించండి. ఇన్ని చేసినా రాకపోతే ఊడదీయాల్సిందే, ఇంక సందేహం లేదు.

ఉట్నూరు_కమాండర్
బాబాయ్ చెప్పిన దానికి ఒకటి కలుపుతా. కప్పు అంచు చుట్టూ ఎర్రటి పొడి ఉందేమో చూడండి అన్నా. తుప్పు రంగులో, మెత్తగా ఉంటుంది. అది ఉంటే గ్రీజుతో పని అయిపోయినట్టే. లోపల సూదులు అరిగిన పొడి అది. మా కమాండర్ జీపుకి అట్లనే వచ్చింది, తీసి చూస్తే కప్పులో సగం సూదులు లేవు.

గ్రీజు కొట్టే ముందే షాఫ్ట్‌ని ఒక చేత్తో, యోక్‌ని ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా మెలి తిప్పి చూడాలి. క్రాస్‌కీ యోక్‌కీ మధ్య కొంచెం కదలిక ఉన్నా ఆ క్రాస్ పోయినట్టే. కొట్టాక చూస్తే కొత్త గ్రీజు ఆ సందుని కొన్నాళ్ళు కప్పేస్తుంది. ఠంగుమనే చప్పుడుకి మాత్రం డిఫరెన్షియల్ పళ్ళ ఆట (పళ్ళ మధ్య సందు), జారే జాయింట్ పళ్ళ అరుగుదల కూడా కారణం కావచ్చు. పాత బండికి అన్నీ తలా కొంచెం ఉంటాయి.

డాలస్_టకోమా
నేను టెక్సస్‌లో 2006 టొయోటా టకోమా ఫోర్ వీల్ నడుపుతాను. బండి వేరైనా షాఫ్ట్ సూత్రం ఒకటే కాబట్టి జారే జాయింట్ గురించి రాస్తున్నా. "గన్ బిగుసుకునేదాకా" అనే సలహా మీదే ఇక్కడ ఎక్కువ గొడవలు జరుగుతాయి.

జారే జాయింట్ అంటే లోపల పళ్ళున్న గొట్టంలో పళ్ళున్న కడ్డీ జారడమే. బండి గుంతలో పడితే వెనక ఇరుసు పైకి లేచి షాఫ్ట్ పొట్టి కావాలి, అందుకు ఆ జారుడు. కడ్డీ చివర వెనక కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని మొత్తం గ్రీజుతో నింపేస్తే కడ్డీ లోపలికి పోవడానికి చోటుండదు. గ్రీజు నొక్కుకుపోదు. సీలు దాటి వెంటనే బయటికీ రాలేదు. బండి గుంతలో పడ్డ ఆ క్షణంలో షాఫ్ట్ గట్టి కర్రలా మారి, ఒకవైపు ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ బేరింగునీ ఇంకోవైపు డిఫరెన్షియల్ పినియన్ బేరింగునీ నెడుతుంది.

టొయోటా షాఫ్ట్‌కి నేను చేసేది: నిప్పల్‌కి కొన్ని దెబ్బలు కొట్టడం, షాఫ్ట్ కొద్దిగానైనా సాగడం కనిపిస్తే లేదా సీలు అంచున గ్రీజు తొంగి చూస్తే అక్కడే ఆపేయడం. కొందరు ఇంకో పద్ధతిలో చేస్తారు. నిప్పల్ విప్పేసి బండిని ఒక గుట్ట మీద ఎక్కించి దించితే, ఎక్కువైన గ్రీజు ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది. తర్వాత నిప్పల్ బిగించేస్తారు. ఇప్పటికే ఎవరైనా కుక్కేసిన బండి కొన్నవాళ్ళకి ఇది పనికొస్తుంది.

కర్నూలు_టైగర్
మరి లారీలకి ఇరవై ఏళ్ళుగా అట్లాగే కొడుతున్నాం, ఏ బేరింగూ పోలేదే?

ఆటోనగర్_బాబాయ్
మంచి ప్రశ్నే. లారీ షాఫ్టుల్లో చాలావాటికి జారే యోక్ చివర ఒక రేకు బిళ్ళ ఉంటుంది, దాని నడుమ చిన్న రంధ్రం. గ్రీజు నిండితే ముందు ఆ రంధ్రంలోంచి వస్తుంది. షాఫ్టులు తయారుచేసే స్పైసర్ వాళ్ళ పద్ధతి ప్రకారం రంధ్రంలోంచి గ్రీజు కనిపించేదాకా కొట్టి, అప్పుడు వేలితో రంధ్రం మూసి, అవతలి కొసన సీలు దగ్గర కొత్త గ్రీజు కనిపించేదాకా మళ్ళీ కొట్టాలి. పళ్ళ పొడవునా గ్రీజు పాకడానికి ఆ వేలు. ఎక్కువైంది తర్వాత ఆ రంధ్రంలోంచే పోతుంది కాబట్టి బేరింగుల మీద బరువు పడదు. చలి దేశాల్లో అయితే గ్రీజు కొట్టగానే బండిని కాస్త నడపమంటారు, లేకపోతే ఎక్కువైన గ్రీజు లోపలే గట్టిపడి ఆ బిళ్ళనే ఊడగొడుతుంది.

టకోమా తమ్ముడు చెప్పింది రంధ్రం లేని షాఫ్ట్ సంగతి. ఇద్దరూ మీ మీ బండ్లకి కరెక్టే. పాడేరు గారూ, మీ జారే యోక్ చివర బిళ్ళ, రంధ్రం ఉన్నాయో లేవో తుడిచి చూడండి. చాలా బండ్లలో ఆ రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంటుంది. సన్నటి తీగతో శుభ్రం చేశాకే గన్ పట్టుకోండి.

పాడేరు_540
వివరంగా రాసినందుకు థాంక్స్ బాబాయ్. యోక్ చివర బిళ్ళ ఉంది, రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంది, మీరన్నట్టే. కప్పు చుట్టూ ఎర్ర పొడి కూడా కొద్దిగా కనిపిస్తోంది. అది పొడా లేక మా ఊరి ఎర్ర మట్టా అని అనుమానం. ఆదివారం విప్పుతాను.

ఏ గ్రీజు వాడాలి? షాపతను ఏపీ3 ఇచ్చాడు, "అన్నిటికీ ఇదే" అన్నాడు.

బేరింగుల_షాపు_హైదరాబాద్
మాది రాణిగంజ్ వైపు బేరింగులు, సీళ్ళ వ్యాపారం. గ్రీజు గురించి నన్ను రోజూ అడుగుతారు.

ఏపీ3 లిథియం గ్రీజే, మంచిదే, కానీ అది ఎక్కువగా చక్రాల బేరింగుల్లో చేత్తో పెట్టడానికి వాడేది. గ్రీజు గట్టిదనానికి ఎన్‌ఎల్‌జీఐ అంకె ఉంటుంది, 000 నుంచి 6 వరకు. 25 డిగ్రీల దగ్గర ఒక శంకువు గ్రీజులోకి ఎంత లోతు దిగుతుందో కొలుస్తారు. 2వ నంబరులో 265 నుంచి 295 వరకు, 3వ నంబరులో 220 నుంచి 250 వరకు. ఈ అంకెలు మిల్లీమీటరులో పదో వంతులు. అంటే 3 గట్టిది. క్రాస్‌లోని సన్న రంధ్రాల గుండా అది పోవడానికి ఎక్కువ ప్రెషర్ కావాలి. మీ పాడేరు, లంబసింగి వైపు చలికాలం పొద్దున్నే అయితే గన్‌లోనే సరిగ్గా కదలదు. క్రాసులకి 2వ నంబరు, లిథియం లేదా లిథియం కాంప్లెక్స్, డబ్బా మీద ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునేది) అని ఉన్నది తీసుకోండి. పెద్ద ఆయిల్ కంపెనీలన్నీ ఈపీ2 అమ్ముతాయి.

తక్కువ ధరకి దొరికే పసుపు పచ్చ చాసిస్ గ్రీజు పట్టీల పిన్నులకి పరవాలేదు, సూది బేరింగులకి వద్దు.

రంగు చూసి గ్రీజు గుర్తుపట్టకండి. నీలం, ఎరుపు, ఆకుపచ్చ అన్నీ కలిపిన రంగులే, లోపలి సబ్బు (నూనెని గ్రీజులా గట్టిపరిచే పదార్థం) ఏదో రంగు చెప్పదు. లిథియం, లిథియం కాంప్లెక్స్ కలిసినా ఇబ్బంది లేదు. బెంటోన్ మట్టితో చేసినవి, పాలీయూరియావి లిథియంతో కలిస్తే పలచబడి కారిపోయే ప్రమాదం ఉంది. మీరు బండి పాతది కొన్నారు, లోపల ఏముందో తెలియదు. అందుకే పాతదంతా బయటికి వచ్చేదాకా కొట్టమంటున్నారు బాబాయ్.

డాలస్_టకోమా
జారే జాయింట్‌కి మాలిబ్డినం గురించి కూడా చెప్పండి సార్. టొయోటా మాన్యువల్‌లో క్రాసులకి మామూలు లిథియం 2వ నంబరు, జారే యోక్‌కి మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన లిథియం 2వ నంబరు అని విడిగా రాశారు. నేను రెండు గన్‌లు పెట్టుకున్నా, ఒకదానికి నల్ల టేపు చుట్టి. ఇక్కడ మామూలు వాడకంలో 15,000 మైళ్ళకి ఒకసారి షాఫ్ట్ గ్రీజు, షాఫ్ట్ బోల్టుల బిగింపు చూడమంటారు. మట్టి రోడ్ల మీద తిరిగితే ఇంకా ముందే.

బేరింగుల_షాపు_హైదరాబాద్
అవును, జారే పళ్ళ మీద లోహం మీద లోహం నేరుగా రాస్తుంది, అక్కడ నల్ల మాలిబ్డినం గ్రీజు బాగా పనిచేస్తుంది. రెండు గన్‌లు పెట్టుకునే ఓపిక లేనివాళ్ళు రెండు చోట్లా ఈపీ2 కొట్టుకున్నా, అసలు కొట్టకుండా వదిలేసిన దానికంటే ఎంతో నయం. నా దగ్గరికి వచ్చే అరిగిన క్రాసుల్లో తప్పు గ్రీజు వాడినవి అరుదు. గ్రీజే లేనివి ఎక్కువ.

కొత్త_జిప్సీ
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. కొత్త గన్ కొన్నాను, హ్యాండిల్ కొడుతున్నా గ్రీజు రావట్లేదు. రెండుసార్లు వచ్చి ఆగిపోతోంది. నిప్పల్ మూసుకుపోయిందా, గన్ పాడా?

ఆటోనగర్_బాబాయ్
గన్‌ని నిప్పల్ నుంచి తీసి గాల్లో కొట్టు. గాల్లో కూడా రాకపోతే లోపల గాలి చిక్కుకుంది. డబ్బాలోంచి చేత్తో ముద్దలు ముద్దలుగా నింపితే మధ్యమధ్యలో గాలి మిగిలిపోతుంది. గన్ తల విప్పి, గ్రీజు నిండే పెద్ద గొట్టం మూతిని గ్రీజులో ముంచి వెనక రాడ్డు నెమ్మదిగా లాగి నింపు, తల బిగించేటప్పుడు చివరి చుట్టు ముందు కొద్దిగా వదులుగా ఉంచి రాడ్డు నెట్టు, గాలి పోయాక బిగించు.

గాల్లో వచ్చి నిప్పల్ దగ్గర రాకపోతే నిప్పల్ మూసుకుంది. బొట్టు డీజిల్ వేసి, మొన మీది చిన్న బంతిని సన్నటి మేకుతో నొక్కి చూడు, తిరిగి పైకి రావాలి. రాకపోతే నిప్పల్ మార్చు. అది చాలా తక్కువ ఖర్చు. దాంతో కుస్తీ పట్టడం అనవసరం. గన్ పెట్టే ముందు నిప్పల్ తల గుడ్డతో తుడవడం మాత్రం మరిచిపోకు, లేకపోతే తల మీద ఇసుకని నువ్వే లోపలికి కొడతావు.

గుంటూరు_ఎముకల_డాక్టర్
బండి గురించి నాకు మీ అంత తెలియదు, నా దగ్గర పాత జిప్సీ ఉంది కాబట్టి చదువుతున్నా. పైన "వేలితో రంధ్రం మూసి" అన్న మాట చూశాక ఒక హెచ్చరిక రాయాలనిపించింది. యోక్ రంధ్రం దగ్గర గ్రీజు తక్కువ ఒత్తిడితో వస్తుంది, అక్కడ ఫరవాలేదు. గన్ మూతిని, గొట్టాన్ని మాత్రం ఎప్పుడూ చేత్తో మూసి చూడకండి. చేతి గన్‌తోనే వేల పీఎస్ఐ ఒత్తిడి వస్తుంది. గొట్టానికి సూది మొన అంత చిల్లు ఉంటే చాలు, అందులోంచి వచ్చే గ్రీజు చర్మాన్ని చీల్చుకుని వేలి లోపలికి పోతుంది.

ఇలాంటి గాయం చూడ్డానికి చిన్న చుక్క. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. అందుకే జనం పసుపు రాసుకుని ఇంటికి పోతారు. లోపల గ్రీజు నరాల వెంట, కండర బంధనాల వెంట పాకి వాపు వచ్చి రక్తం ఆడదు. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. అలా ఎవరికైనా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్ళండి. "గ్రీజు గన్ ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పండి. పాత పగిలిన గొట్టాలు పారేయండి.

కర్నూలు_టైగర్
డాక్టర్ గారూ, ఈ సంగతి మా గ్యారేజీలో అందరికీ చదివి వినిపించా. ఒకడు రోజూ బొటనవేలితో మూసి చూసేవాడు. థాంక్స్ సార్.

పాడేరు_540
విప్పాను. ముందు బాబాయ్ చెప్పినవన్నీ చేశాం, షాఫ్ట్ తోసి పట్టుకుని, తిప్పి, యూ బోల్టులు వదులు చేసి. నాలుగో కప్పు చుక్క కూడా వదల్లేదు. కప్పు లాగితే లోపల ఎర్ర పొడి, ముద్దలా గట్టిపడ్డ పాత గ్రీజు. క్రాస్ చేతి మీద సూదుల గాళ్ళు గోరుకి తగులుతున్నాయి. ఆ చేతిలో రంధ్రం ఆ గట్టిపడ్డ గ్రీజుతో పూర్తిగా మూసుకుపోయింది. మిగతా మూడు చేతులు నునుపుగా ఉన్నాయి.

కొత్త క్రాస్ తెప్పిస్తున్నాను. షాపులో నిప్పల్ ఉన్నదీ, నిప్పల్ లేని సీల్డ్‌దీ రెండూ ఉన్నాయట. ఏది?

ఉట్నూరు_కమాండర్
సీల్డ్ వేసేయండి అన్నా. గ్రీజు కొట్టే బాధే ఉండదు. క్రాస్ లోపల రంధ్రాలు ఉండవు కాబట్టి బలం కూడా ఎక్కువ.

ఆటోనగర్_బాబాయ్
బలం సంగతి నిజమే, బోలుగా ఉన్న క్రాస్ కంటే నిండు క్రాస్ గట్టిది. రాళ్ళ మీద విన్యాసాలు చేసేవాళ్ళకి అది లెక్కలోకి వస్తుంది. పాడేరు గారు రోజూ గెడ్డ దాటే మనిషి. సీల్డ్ దాంట్లోకి నీళ్ళు పోతే బయటికి తోసే దారి లేదు. నిప్పల్ ఉంటే సాయంత్రం నాలుగు దెబ్బలు కొట్టి నీళ్ళు కలిసిన గ్రీజుని బయటికి పంపొచ్చు. నేనైతే నిప్పల్ ఉన్నదే వేస్తా.

బిగించేటప్పుడు నిప్పల్ ఏ సందులో రావాలో చూసుకోండి. బండి ముందుకి లాగేటప్పుడు క్రాస్ రెండు చేతులు ఒకదాని వైపు ఒకటి నొక్కుకునే సందు ఉంటుంది, దూరం జరగాలని చూసే సందు ఉంటుంది. నిప్పల్ రంధ్రం నొక్కుకునే సందులో ఉండాలి. అలాగైతే పగులు మొదలయ్యే అవకాశం తక్కువ. గన్ అందుతుందా లేదా అన్నది కూడా బిగించే ముందే పెట్టి చూడండి, అంతా అయ్యాక తల పట్టుకోవద్దు.

కొత్త క్రాస్‌లో ఉండే గ్రీజు తుప్పు పట్టకుండా పెట్టిందే, నడపడానికి సరిపోదు. బిగించాక నాలుగు కప్పులూ కక్కేదాకా కొట్టాలి. కప్పు దించేటప్పుడు ఒక సూది పడిపోయి అడుగున అడ్డం పడుతుంది, అప్పుడు కప్పు పూర్తిగా దిగదు, దాన్ని పట్టి ఉంచే లాకు కూర్చోదు. సుత్తితో బలవంతం చేయకుండా తీసి చూడండి.

షాఫ్ట్ మొత్తం దించుతుంటే అన్నిటికంటే ముందు చక్రాలకి అడ్డు పెట్టండి. పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక డ్రమ్ము మీద పట్టుకుంటుంది. వెనక షాఫ్ట్ ఊడదీస్తే ఆ బ్రేకు దేన్నీ ఆపదు. గేరులో పెట్టినా అంతే. వాలు మీద కింద పడుకుని షాఫ్ట్ విప్పితే బండి మీ మీద నుంచే పోతుంది.

ఉట్నూరు_కమాండర్
సరే బాబాయ్, నీళ్ళ పాయింట్ ఒప్పుకుంటున్నా.

షాఫ్ట్ రెండు ముక్కలుగా విడదీసే ముందు పెయింట్‌తో రెండింటి మీదా గీత పెట్టుకోవాలి, ఇది తప్పనిసరి. మా దగ్గర ఒక లేత్ షాపులో జారే జాయింట్‌ని ఎట్ల దొరికితే అట్ల దూర్చి ఇచ్చారు. రెండు కొసల యోక్‌లు ఒకే వరసలో లేవు. 50 దాటగానే సీటు కింద గడగడ వణుకు. బ్యాలెన్సింగ్ చేయించమన్నారు, టైర్లు మార్చమన్నారు. చివరికి విడదీసి యోక్‌లు ఎదురెదురుగా ఒకే వరసలోకి తెచ్చాక తగ్గింది.

డాలస్_టకోమా
వంపులో ఉన్న క్రాస్ జాయింట్ ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. రెండు యోక్‌లు ఒకే వరసలో, రెండు వంపులూ సమానంగా ఉంటే ఒక కొసన వచ్చిన హెచ్చుతగ్గుల్ని రెండో కొస రద్దు చేస్తుంది. వరస తప్పితే రెండూ కలిసి వణికిస్తాయి. అంతకంటే మిస్టరీ ఏమీ లేదు.

ఇక్కడి పాత ఫోర్డ్, జీఎం ట్రక్కుల ముందు షాఫ్ట్‌లో ఒక కొసన రెండు క్రాసులు పక్కపక్కనే ఉంటాయి, వాటి మధ్య ఒక బంతి. ఆ బంతికి కూడా గ్రీజు కావాలి. దాని నిప్పల్ లోపలికి అణిగి ఉండి మామూలు గన్ మూతి పట్టుకోదు, సూది మూతి కావాలి. చాలామందికి ఆ నిప్పల్ ఉందని కూడా తెలియదు. ఎవరైనా అమెరికా నుంచి పాత ట్రక్కు గురించి అడిగితే అది గుర్తు చేయండి.

పాడేరు_540
కొత్త క్రాస్ పడింది. గీత పెట్టుకునే విప్పాం. నాలుగు కప్పులూ కక్కాయి. కీచు చప్పుడు పోయింది. ఠంగుమనేది సగం తగ్గింది, మిగతాది డిఫరెన్షియల్ ఆట అనుకుంటున్నా. జారే జాయింట్‌కి రంధ్రం శుభ్రం చేసి మీరు చెప్పినట్టే కొట్టాను.

ముందు షాఫ్ట్ గురించి ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్_బాబాయ్
ముందు చక్రాల హబ్ మీద తిప్పే డయల్ ఉందా? అది ఉండి ఫ్రీలో పెట్టి నడిపితే ఫోర్ వీల్ వేయనప్పుడు ముందు షాఫ్ట్ తిరగదు. డయల్ లేకుండా మూత మాత్రమే ఉంటే, మీరు టూ వీల్‌లో నడిపినా ముందు చక్రాలు ఇరుసునీ, ఇరుసు షాఫ్ట్‌నీ ఎప్పుడూ తిప్పుతూనే ఉంటాయి. అప్పుడు వెనకదానికి కొట్టిన రోజే దానికీ కొట్టాలి. తిరగని షాఫ్ట్‌కైనా కొట్టడం మంచిదే. కదలకుండా నీళ్ళలో తడుస్తూ ఉన్న క్రాస్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, తీరా బురదలో ఫోర్ వీల్ వేసిన రోజున విరుగుతుంది.

ఎన్నాళ్ళకి అంటే, మీ దారికి కిలోమీటర్లు లెక్కపెట్టకండి. నీళ్ళు షాఫ్ట్ దాకా వచ్చిన వారం చివర ఒకసారి కొట్టండి. బయటికి వచ్చే గ్రీజు పాల రంగులో ఉంటే నీళ్ళు పోయినట్టు, మామూలు రంగు వచ్చేదాకా కొట్టండి. ఎండాకాలంలో తారు రోడ్డు మీదే తిరిగితే 5,000 కిలోమీటర్లకి ఒకసారి నేను సరిపెడతాను. చేయి కింద ఉన్నప్పుడే ఇరుసుల మీద గాలి వచ్చిపోయే మూతలు కూడా చూడండి. అవి మూసుకుపోతే, వేడెక్కిన ఇరుసు గెడ్డలో చల్లబడ్డప్పుడు సీళ్ళ గుండా నీళ్ళు పీల్చుకుంటుంది.

పాడేరు_540
డయల్ లేదు, మూతే. అంటే ఇన్నాళ్ళూ తిరుగుతూనే ఉందన్నమాట. ఇప్పుడే కిందికి దూరి చూశాను. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు క్రాస్ నిప్పల్ యోక్‌కి, క్రాస్ మెంబరుకి (చాసిస్ అడ్డ దూలానికి) మధ్య ఇరుక్కుంది, గన్ మూతి పట్టట్లేదు.

ఆటోనగర్_బాబాయ్
ముందు వైపు చక్రం ఒకటి జాకీ మీద లేపి, మిగతా వాటికి అడ్డు పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేస్ టూ వీల్‌లో ఉంచి ఆ చక్రాన్ని చేత్తో తిప్పండి. షాఫ్ట్ తిరిగి నిప్పల్ ఖాళీ వైపుకి వస్తుంది. అప్పటికీ మూతి పట్టకపోతే తిన్నటి నిప్పల్ తీసి 45 డిగ్రీలది వేయండి. 90 డిగ్రీలది అయితే తిరిగేటప్పుడు యోక్‌కి తగులుతుందేమో చూసుకోవాలి.

పాడేరు_540
ఇక్కడ 45 డిగ్రీలది దొరకదు. రాణిగంజ్ సార్, మీరు కొరియర్ చేయగలరా? నిప్పల్ ఫోటో పెడతాను.

బేరింగుల_షాపు_హైదరాబాద్
ఫోటోతో మర తెలియదండీ. చూడ్డానికి ఒకేలా ఉండే నిప్పల్స్‌లో మిల్లీమీటర్ మర, అంగుళం మర రెండూ ఉంటాయి. తప్పుది బిగిస్తే రెండు చుట్లు ఎక్కి క్రాస్ మర పాడవుతుంది. పాత నిప్పల్ ఒకటి విప్పి కవర్లో పెట్టి పంపండి. ఆ రంధ్రంలో మట్టి పోకుండా చిన్న గుడ్డ ముక్క పెట్టి, నిప్పల్ వచ్చేదాకా బండి గెడ్డలోకి దించకండి. పోల్చి సరైనవి నాలుగు, ప్లాస్టిక్ టోపీలతో సహా పంపుతాను.